శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా?

(బాలల దినోత్సవం నాడు యువ న్యాయవాదులు, బాలల సంక్షేమ రంగంలో పనిచేసేవారి సమావేశంలో ఒక మాజీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నోటుపుస్తకాలు తెరిచి కూర్చున్న యువ న్యాయవాదులకు నమస్కారం.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి తెచ్చిన పోక్సో చట్టం 2012లో సరిగ్గా ఇదే రోజున, నవంబరు 14న, అమల్లోకి వచ్చింది. చట్టం మొత్తం గురించి చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకే ఒక్క ఘట్టం తీసుకుంటాను. నేరం రుజువైందని న్యాయమూర్తి ప్రకటించిన తర్వాత, శిక్ష ఎంతో చెప్పే ముందు, మధ్యలో కాస్త వ్యవధి ఉంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 235(2), ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 258(2). అప్పుడు న్యాయమూర్తి దోషిని అడుగుతారు: "శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా?"

నేను వాదించిన ఒక కేసులో ఈ ప్రశ్న ఒక తండ్రిని అడిగారు. ఆ బిడ్డను గుర్తుపట్టే వివరమేదీ నేను చెప్పను. చట్టమూ ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. ఫిర్యాదు నాటికి పాపకు పదకొండేళ్లు. తీర్పు నాటికి పద్నాలుగు వచ్చాయి. కేసును విచారణకు తీసుకున్న ఏడాదిలోగా, వీలైనంతవరకు, ముగించాలని 35వ సెక్షన్ చెబుతుంది. మాకు మూడేళ్లు పట్టింది.

ఆ తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు తగ్గించి చెప్పాడు: "అయ్యా, ఇంటికి నేనొక్కడినే సంపాదించేవాడిని. ముసలి తల్లి ఉంది. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఉన్నారు. దయ చూపండి."

స్టెనోగ్రాఫర్ టైపు చేసుకుంటూ పోయాడు. నేనూ కాగితాలు సర్దుకుంటున్నాను. ఇలాంటి మాటలు అప్పటికి ఎన్నోసార్లు విన్నాను కాబట్టి చెవికి కొత్తగా తోచలేదు. రాత్రి ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట తగిలింది. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఉన్నారు అన్నాడు. వాళ్లలో పెద్దది ఈ పాపే. ఏ బిడ్డకు చేసిన నేరానికి శిక్ష పడుతోందో, ఆ బిడ్డనే చూపించి శిక్ష తగ్గించమని అడిగాడు. కోర్టు హాలులో ఎవరమూ అది గమనించలేదు. గమనించి, లేచి, అభ్యంతరం చెప్పవలసిన మనిషిని నేను. నేను చెప్పలేదు.

ఈరోజు మీ ముందు చెబుతున్నదంతా ఆ రోజు చెప్పకుండా కూర్చున్న మాటే.

ఇంట్లోవాడు చేసిన నేరానికి శిక్ష ఖరారు చేసేటప్పుడు మన ముందుకు వచ్చే ప్రతి వేడుకోలూ ఆ కుటుంబం పేరు మీదే వస్తుంది. ఇల్లు గడవదంటారు. పరువు పోతుందంటారు. తమ్ముడి చదువు ఆగిపోతుంది, చెల్లెలికి సంబంధాలు రావు అంటారు. ఇవి అబద్ధాలు కావు, నిజంగానే జరుగుతాయి. కానీ ఆ కష్టాలు తెచ్చిపెట్టింది ఎవరు? పోలీసుల దగ్గర నోరు విప్పిన పిల్లా, ఆ పిల్ల నోరు విప్పవలసిన పని చేసిన మనిషా? ఈ ప్రశ్న వేసుకోకుండా "ఏకైక సంపాదనపరుడు" అన్న ముక్కను శిక్ష తగ్గించే కారణాల కింద రాసుకుంటే, ఇంటి కష్టానికి ఆ పిల్లే బాధ్యురాలని కోర్టు ముద్ర వేసినట్టవుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. అలా ఉండడానికి చాలా కాలం పట్టింది. 1996లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక తల్లి వచ్చింది. ఆరోపణ ఆమె భర్త మీద, కేంద్ర ప్రభుత్వంలో అధికారి. బాధితురాలు వాళ్ల చిన్నారి కూతురు. ఆరోపించిన పనులు అప్పటి శిక్షాస్మృతిలో అత్యాచారానికి ఉన్న ఇరుకైన నిర్వచనంలోకి రావని, ఆ అభియోగం మోపడం కుదరదని కోర్టు తేల్చింది. ఆ నిర్వచనాన్ని విస్తృతంగా చదవాలని సాక్షి అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004లో వచ్చిన తీర్పులో నిర్వచనం మారలేదు. మారింది విచారణ పద్ధతి. బిడ్డకు, నిందితుడికి మధ్య తెర ఉండాలని, డిఫెన్సు వారి ప్రశ్నలు రాతపూర్వకంగా న్యాయమూర్తికి ఇస్తే ఆయనే అడగాలని, బిడ్డకు మధ్యమధ్యలో విరామం ఇవ్వాలని చెప్పింది. పోక్సోలోని 33, 36 సెక్షన్లు చదివితే ఆ తీర్పు వాసన తెలుస్తుంది.

పోక్సోలో ఇంటి మనిషికి వేరే లెక్క ఉంది. 5వ సెక్షన్‌లో 'ఎన్' క్లాజు చూడండి. రక్తసంబంధం, దత్తత, వివాహం, సంరక్షకత్వం, వీటిలో దేనివల్ల బంధువైనా సరే. బిడ్డ తల్లితోనో తండ్రితోనో కలిసి బతుకుతున్నవాడైనా సరే. ఒకే ఇంట్లో ఉంటున్నవాడైనా సరే, అతను చేస్తే అది తీవ్రమైన నేరం. అంటే సవతి తండ్రి, బాబాయి, మేనమామ, తాత, అక్క మొగుడు అందరూ దాని కిందికి వస్తారు. బాధపడింది మగపిల్లవాడైనా చట్టం ఒకటే. ఈ సంగతి మనవాళ్లు తరచూ మర్చిపోతారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. ఆ 13 రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, అదీ ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల వరసలో.

మొదట్లో ఈ తీవ్రమైన నేరానికి కనీస శిక్ష 10 ఏళ్లు. 2019 ఆగస్టు 16 నుంచి అది 20 ఏళ్లయింది. పైకి వెళితే మిగిలిన జీవితకాలమంతా జైలు, లేదా మరణశిక్ష. కనీసం కంటే తగ్గించే అధికారం కోర్టుకు లేదు. పాత శిక్షాస్మృతి 376వ సెక్షన్‌లో "తగిన, ప్రత్యేక కారణాలు" రాసి కనీస శిక్ష కంటే తగ్గించే వీలుండేది. 2013 సవరణ దాన్ని తీసేసింది. పోక్సోలో అలాంటి వెసులుబాటు మొదటి నుంచీ లేదు.

కనీసం కంటే తగ్గదని తెలిశాక ఇక చెప్పుకోవడానికి ఏముంది, ఈ ఘట్టం లాంఛనమే కదా అని ఒక కుర్ర లాయరు నన్ను అడిగాడు. లాంఛనం కాదు. 20 ఏళ్లకు, జీవితకాలానికి మధ్య ఎడం ఎంత ఉందో చూడండి. పాప వయసును బట్టి ఆ ఎడం బతుకంత. అందులో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ కాసేపటిలో వినిపించే మాటలే.

ఆ మాటలు ఒక్కొక్కటి చూద్దాం. మొదటిది "ఇదే మొదటి నేరం, పాత కేసులు లేవు." ఇంట్లో జరిగే ఈ నేరం ఒక్కసారితో ఆగేది చాలా అరుదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతుంది. పోలీసు రికార్డులో అది మొదటిది, పిల్ల లెక్కలో కాదు. పదేపదే చేయడాన్ని అదే 5వ సెక్షన్ విడిగా తీవ్రనేరం కింద పెట్టింది కూడా.

రెండోది మంచిపేరు. ఊళ్లో పెద్దమనిషి, గుడి కమిటీలో ఉన్నాడు, అందరికీ చేతిసాయం చేస్తాడు అంటారు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమల్లో ఉన్న శిక్షా మార్గదర్శకాలు ఈ విషయంలో నాకు నచ్చాయి. ఇలాంటి నేరాల్లో మంచిపేరుకు మామూలుగా పెద్ద విలువ ఇవ్వనక్కరలేదు, ఆ మంచిపేరునే అడ్డం పెట్టుకుని నేరం చేసి ఉంటే దాన్ని శిక్ష పెంచే కారణంగా కూడా చూడవచ్చు అని అందులో ఉంది. మన దగ్గర అలాంటి మార్గదర్శకాలు లేవు. కానీ ఆ వాదన చేయకుండా మనల్ని ఆపేవాళ్లూ లేరు. "నీ మాట ఎవరు నమ్ముతారు, మీ మామయ్య ఎలాంటివాడో ఊరందరికీ తెలుసు" అని పిల్లకు వాడే చెప్పి ఉంటాడు. ఆ మాట వాంగ్మూలంలో ఉందేమో వెతకండి. ఉంటే శిక్ష విచారణలో మళ్లీ చదివి వినిపించండి.

మూడోది రాజీ. కుటుంబమంతా కలిసిపోయింది, తల్లి క్షమించింది అంటారు. క్షమించడానికి తల్లి ఎవరు? దెబ్బ తగిలింది తల్లికి కాదు. ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన కేసును రాజీ కుదిరిందని రాజస్థాన్ హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇవి ఇరుపక్షాలు కూర్చుని తీర్చుకునే తగాదాలు కావని చెప్పింది. బయటివాడి విషయంలోనే అలా అయితే ఇంటివాడి సంగతి చెప్పనక్కరలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు నచ్చజెబుతారు. నచ్చజెప్పేది ఎప్పుడూ పిల్లకే.

హిమాచల్ ప్రదేశ్ కేసులు రెండు మీ ఫైళ్లలో ఎప్పుడూ ఉంచుకోండి. ఒకటి 2005 నాటిది. కూతురి మీద అత్యాచారం చేసిన తండ్రిని హైకోర్టు వదిలేస్తే సుప్రీంకోర్టు యావజ్జీవం ఖాయం చేసింది. కూతురికి తండ్రే కోట, తండ్రే ఆశ్రయం, అందుకే ఈ నేరం చట్టాన్ని మీరడంతో ఆగదు, నమ్మకద్రోహం కూడా అన్నది ఆ తీర్పు సారాంశం. రెండోది 2016 డిసెంబరు నాటిది. తొమ్మిదేళ్ల పాప, నేరం చేసింది బాబాయి, ఫిర్యాదు వచ్చింది మూడేళ్ల తర్వాత. ఆలస్యం వంటి కారణాలతో హైకోర్టు వదిలేసింది. చేసినవాడు ఇంటివాడే అయినప్పుడు పిల్ల ఎందుకు నోరు విప్పలేదో అర్థం చేసుకోవాలని చెప్పి సుప్రీంకోర్టు మళ్లీ దోషిగా నిర్ధారించింది.

'కంచే చేను మేసినట్టు' అని మన తీర్పుల్లో, మన వాదనల్లో తరచూ వినిపిస్తుంది. నేనూ చాలాసార్లు వాడాను. ఇప్పుడు వాడను. ఆ సామెతలో నష్టపోయినవాడు రైతు. చేనుకు నొప్పి ఉంటుందని అందులో ఎక్కడా లేదు. పిల్లను ఇంటి సొత్తుగా, ఇంటి పరువుగా చూసే అలవాటు మన నాలుక మీదే ఉంది. అందుకే పోయిన పరువు ఎవరిదో కోర్టులో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, పిల్లకు రాత్రి నిద్ర పడుతోందో లేదో అడగం.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన కేసుకు వస్తాను. తెలుగువాళ్లం కాబట్టి దీన్ని దాటేసి వెళ్లకూడదు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు తమిళనాడు కేసు ఒకటి విన్నది. దోషి బాధితురాలికి స్వయానా మేనమామ. నేరం నాటికి ఆమె వయసు 14 అని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. కింది కోర్టు 10 ఏళ్లు వేసింది, మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టుకు వచ్చేనాటికి అతను ఆమెను పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు పుట్టారు. తాను సంతోషంగా ఉన్నానని, తమ కాపురాన్ని చెదరగొట్టవద్దని ఆమె చెప్పింది. మేనమామను పెళ్లాడడం అక్కడి ఆచారమని కూడా కోర్టు గుర్తించింది. శిక్షను, దోషనిర్ధారణను రద్దు చేసింది. అతను ఆమెను సరిగా చూసుకోకపోతే మళ్లీ కోర్టుకు రావచ్చనీ, ఈ ఉత్తర్వును మరో కేసుకు ఆధారం చేసుకోరాదనీ కూడా రాసింది.

ఆ తల్లిని, ఆ ఇద్దరు పసివాళ్లను రోడ్డు మీద పడేయాలని నేను అనను. ఆమె చెప్పిన మాటను కాదనే హక్కు కూడా నాకు లేదు. అయినా ఆ ఉత్తర్వు వచ్చిన తర్వాత మన జిల్లాల్లో ఏం జరిగిందో నాకు తెలుసు. "మేనరికమే కదండీ, పెళ్లి చేసేస్తాం, కేసు తీసేయండి" అంటూ పెద్దలు నా గదికి వచ్చారు. ఆధారం చేసుకోరాదన్న వాక్యం వాళ్ల దాకా చేరలేదు, పెళ్లి చేస్తే చాలన్న కబురు మాత్రం చేరింది. మేనమామ మన ఇళ్లలో పాప చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషి. పెళ్లిలో బుట్టలో తెచ్చే మనిషి. ఆ చనువును వాడుకున్నవాడికి ఆ పిల్లనే కట్టబెట్టడాన్ని నేను పరిహారం అనలేను. అలా చేస్తే శిక్ష అనుభవించేది పిల్లే.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. 2019లో కనీస శిక్ష 20 ఏళ్లు చేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత కోర్టులో చూసింది నా సంతోషాన్ని చాలా తగ్గించింది. ఈ కేసుల్లో నిందితుడు పిల్లకు తెలిసినవాడే కావడం నూటికి తొంభైకి పైగా కేసుల్లో ఉన్నదే. జాతీయ నేర గణాంకాలు ఏటా అదే చెబుతున్నాయి. తెలిసినవాడు ఇంటివాడే అయితే, 20 ఏళ్లన్న మాట ముందు పడేది పిల్ల నెత్తి మీద. నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. "నువ్వు చెప్పే మాటతో మీ నాన్నను ఉరి తీస్తారు" అంటుంది. మరణశిక్ష ఈ సెక్షన్‌లో చేర్చడాన్ని నేను వ్యతిరేకించేది అందుకే. కన్నతండ్రి ప్రాణం పదకొండేళ్ల పిల్ల నాలుక మీద పెట్టి నిజం చెప్పమనడం ఎంతటి క్రూరత్వమో ఆ చట్టం రాసినవాళ్లు ఆలోచించలేదు.

ఇంకొక చిక్కు ఉంది. అదే ఇంటి మనిషి చేసిన పని 9వ సెక్షన్ కిందికి, అంటే ప్రవేశం లేని లైంగిక దాడి కిందికి వస్తే శిక్ష 5 నుంచి 7 ఏళ్లు. 5వ సెక్షన్ కిందికి, అంటే ప్రవేశంతో కూడిన దాడి కిందికి వస్తే 20 ఏళ్లకు తగ్గదు. మధ్యలో ఏమీ లేదు. ఈ రెంటిలో ఏదన్నది చాలా కేసుల్లో పిల్ల చెప్పే ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది. ఆ వాక్యానికి కావలసిన మాటలు మనం పిల్లలకు నేర్పలేదు. శరీర భాగాల పేర్లు పలికితే చెంప మీద కొట్టే ఇళ్లలో పెరిగిన పిల్ల, కోర్టులో తల వంచుకుని "అలా చేశాడు" అంటుంది. "అలా అంటే ఎలా?" అని అడుగుతారు. పాప చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది, విప్పుతూ ఉంటుంది. ఆ మౌనం రికార్డులోకి ఎక్కదు. 2018లో హైదరాబాదులో బాధిత మహిళలకు, పిల్లలకు సాయపడే భరోసా కేంద్రంలో పిల్లల కోసం వేరుగా కోర్టు పెట్టినప్పుడు నేను వెళ్లి చూశాను. పిల్లలు నిందితుడిని చూడకుండానే సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఉంది. అలాంటి గది ఉన్నచోట ఆ మౌనం కొంతైనా విప్పుకుంటుంది. లేనిచోట శిక్ష గురించి మాట్లాడుకునే దాకా కేసు రాదు, సాక్షి ఎదురు తిరిగిందని ముందే కొట్టేస్తారు.

అందుకని కనీస శిక్ష తగ్గించాలని నేను అడగడం లేదు. పిల్లను నిలబెట్టే పని శిక్షలో భాగం కావాలని అడుగుతున్నాను. ఈ తీవ్రమైన నేరానికి శిక్ష చెప్పే 6వ సెక్షన్‌లో జరిమానా న్యాయంగా, తగినంతగా ఉండాలని, దాన్ని వైద్యానికి, పునరావాసానికి బాధితులకే ఇవ్వాలని 2019లో చేర్చారు. మంచి మాటే. కానీ తండ్రికి వేసిన జరిమానా ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి కట్టి, అదే డబ్బు కూతురి పేరు మీద తీసుకోవడం నేను చూశాను. ఇంటి డబ్బు కోర్టు చుట్టూ తిరిగి ఇంటికే వచ్చింది, మధ్యలో వడ్డీ పోయింది. ఇంటి నేరంలో జరిమానా మీద ఆశ పెట్టుకోకండి. 33(8) కింద ప్రభుత్వం నుంచి పరిహారం అడగండి. 2020 పోక్సో నియమాల్లో 9వ నియమం ప్రకారం ఎఫ్ఐఆర్ నమోదైన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. ఆ డబ్బు మొదటి నెలలోనే ఆ ఇంటికి చేరితే, ఇల్లు గడవదన్న మాట తల్లి గొంతు పట్టుకోదు. తల్లి నిలబడితే పిల్ల నిలబడుతుంది. సాక్షులు ఎదురు తిరిగారని విసుక్కునే ప్రాసిక్యూటర్లను అడుగుతున్నాను: మీలో ఎంతమంది ఆ దరఖాస్తు వేశారు?

ఇంకో మాట. శిక్ష విషయంలో చెప్పుకునేది ఏమైనా ఉందా అని దోషిని అడుగుతారు. పిల్లను ఎవరూ అడగరు. నేరం వల్ల తనకు ఏం జరిగిందో బాధితులు చెప్పుకునే అవకాశం శిక్షకు ముందు ఇవ్వడం మంచిదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా సిఫారసు చేసింది. దాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం రాలేదు. రాలేదని ఆగనక్కరలేదు. పాపను మళ్లీ కోర్టుకు రప్పించకండి. బడి మానేసిందా, నిద్ర పడుతోందా, ఎక్కడ ఉంటోంది, ఎవరంటే భయపడుతోంది అన్న నాలుగు విషయాలు సపోర్ట్ పర్సన్‌తో, అంటే కేసు నడిచినంత కాలం పిల్లకు తోడుండే మనిషితో, రాయించి దాఖలు చేయండి. తాను చెప్పను అంటే బలవంతపెట్టకండి.

మొదట చెప్పిన పాప సంగతి చెప్పి కూర్చుంటాను. తండ్రికి 20 ఏళ్లు పడింది. తీర్పు వచ్చిన వారానికి సపోర్ట్ పర్సన్‌తో కలిసి నా గదికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. "మేడం, ఆయన బయటికి వచ్చేసరికి నాకెన్నేళ్లుంటాయి?" అని అడిగింది. నాన్న అనలేదు. ఇప్పటికే మూడేళ్లు జైలులో ఉన్నాడు కాబట్టి అవి పోతాయని, ఇంకా పదిహేడు ఉంటాయని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "ముప్ఫై ఒకటి" అంది. కాసేపు ఆగి, "అంతకంటే ముందే రావచ్చా?" అని అడిగింది. రావచ్చు, నియమాలు మారితే కొంత తగ్గవచ్చు, పెరోల్ మీద కూడా రావచ్చు అని దాచకుండా చెప్పాను.

"వచ్చే ముందు నాకు చెబుతారా?"

చెప్పాలని కోరుతూ దరఖాస్తు పెడదామన్నాను. బల్ల మీద ఉన్న కాగితం నా వైపు తోసి, ఇప్పుడే రాయమంది. రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. ఊరి పేరు దగ్గర ఆపి, ఆ చిరునామా వద్దు, హాస్టల్ చిరునామా రాయండి అంది. కొట్టేసి అదే రాశాను. సంతకం తనే పెట్టింది.